ఉప్పురేవు మనుషులు

ఖదీజా తన ఫోన్‌లోంచి ఆ ఆటను తీసేసిందని తెలిసిన రోజు నిర్మల తరగతిలో ఒక్క పాఠమూ సరిగా చెప్పలేకపోయింది. ఆమె ప్రొద్దుటూరులో ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. ఖదీజా జమ్మలమడుగులో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇద్దరికీ స్నేహం కలిసింది ‘కోటల దీవి’ అనే ఆన్‌లైన్ ఆటలో. ఎక్కడెక్కడివాళ్ళో జట్లు కట్టి, మైకులో మాట్లాడుకుంటూ కోటలు పట్టుకునే ఆట అది. రెండేళ్ళు ఆడాక గానీ తమ ఊళ్ళ మధ్య దూరం బస్సులో గంట కూడా లేదని వాళ్ళకు తెలియలేదు.

ఖదీజాను ఆటలోంచి తరిమినవాడు ముఖం లేని మనిషి. ఆమె మైకు తెరిస్తే వెనక కుట్టుమిషన్ చప్పుడు వినపడేది. వాడు ఆమెకు ‘టకటక బీబీ’ అని పేరు పెట్టాడు. అందరి ముందూ ఏమీ అనేవాడు కాదు. గొంతు మార్చే యాప్ పెట్టుకుని ఆమె ఒక్కదానికే వాయిస్ మెసేజ్‌లు పంపేవాడు. మొదట బురఖాలోంచి తెర కనపడతాందా అని అడిగాడు. తర్వాత అన్నవి ఖదీజా నిర్మలకు కూడా పూర్తిగా చెప్పలేదు. బ్లాక్ చేస్తే కొత్త పేరుతో వచ్చేవాడు. ఆట నడిపేవాళ్ళకు నాలుగుసార్లు ఫిర్యాదు చేస్తే నాలుగుసార్లూ పరిశీలిస్తున్నామనే జవాబు వచ్చింది.

“వానికి భయపడి కాదక్కా, విసుగొచ్చి తీసేసినా,” అంది ఖదీజా. “అయినా ఆ దీవి నాదిగూడా గదా.”

ఆ మాట నిర్మలను నిలవనియ్యలేదు. మైకూ తెరా లేకుండా బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటల గురించి ఆమె చదివింది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, తామేం చేస్తారో నోటితో చెప్తారు. అది పారుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ కథను కోటల దీవిలోనే పెట్టాలనుకుంది నిర్మల. దీవికి తూర్పున ఉప్పురేవు అని చిన్న ఊరుంది. ఫోన్‌లో ఆడేవాళ్ళు దాన్ని పాయింట్ల కోసం తగలబెట్టి పోతారు. పది నిమిషాలకు ఊరు మళ్ళీ మొలుస్తుంది. తన బల్ల మీద ఆడేవాళ్ళు ఆ కాలిపోయే ఊరి మనుషులు కావాలనుకుంది. రెండు నెలలు కూర్చుని ఊరి పటం గీసింది, వీధులకు పేర్లు పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నాలు నిర్మల ఇంట్లో ఆట మొదలైంది. ఖదీజా తెరచాపలు కుట్టే మనిషి అయింది. పులివెందులలో సెల్‌ఫోన్లు బాగుచేసే లోకనాథ్ కాపరి వేషం తీసుకున్నాడు. వాళ్ళింట్లో ఇప్పటికీ గొర్రెలున్నాయి గనక అతని కాపరి మాటలు నిజంగా ఉండేవి. మూడోవాడు నవీన్ కుమార్, అతనూ ఫోన్‌లో కోటల దీవి ఆడేవాడే. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని, నిర్మల వెళ్ళే చర్చిలో గిటారు. వాళ్ళమ్మ సరోజమ్మే నిర్మలకు చిన్నప్పుడు సండేస్కూల్లో వాక్యాలు నేర్పింది. నవీన్ ముసలి పడవవాడి పాత్ర తీసుకున్నాడు. మూడో ఆదివారం, ఊళ్ళు తగలబెట్టే గుర్రాలవాళ్ళు ఉప్పురేవు మీద పడ్డప్పుడు, ఆ ముసలివాడు తన ప్రాణం పణంగా పెట్టి ఖదీజా పాత్రను పడవ అడుగున దాచాడు. ఆ రోజు ఖదీజా చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వింది.

నాలుగో ఆదివారం గుర్రాలవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి దాక్కోనని, వాళ్ళ నాయకుడికి ఎదురుపోయి మాట్లాడతానని ఖదీజా చెప్పింది. పాచిక వేస్తే ఇరవైలో రెండే పడింది, మాట పారలేదు.

నవీన్ పకపకా నవ్వి, “అంతే, టకటక బీబీ పని ఐపాయ,” అన్నాడు.

ఖదీజా చేతిలోని పెన్సిలును బల్ల మీద పెట్టింది. నవీన్ నవ్వు సగంలో ఆగింది. లోకనాథ్‌కు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

ఆ పేరు నీకెట్ల తెలుసని నిర్మల అడిగింది. ఆటలో ఎవరో అంటుంటే విన్నానన్నాడు నవీన్.

“అందరి ముందూ ఎవురూ అనలేదప్పా,” అంది ఖదీజా. “ఆ పేరు పంపినోనికి తెలుసు, నాకు తెలుసు, నేను చెప్తే అక్కకు తెలుసు.”

నవీన్ చెమట తుడుచుకున్నాడు. ఏదో తమాషాకు చేశానని, ఈ ఖదీజానే ఆ ఖదీజా అని మొదట్లో తెలియదని అన్నాడు. తెలిశాక చెప్పలేకపోయానన్నాడు. నిర్మల అతని ముందున్న పాత్ర కాగితం లాక్కుని నిలువునా చింపింది. నీ మనిషి చచ్చిపోయాడు, లేచి పొమ్మంది.

ఖదీజా కోపం ఈసారి నిర్మల మీదికి తిరిగింది.

“దాన్నెందుకు చింపినావక్కా? ఆ ముసలోడు నన్ను కాపాడినాడు. నన్ను తిట్టింది ఆయప్ప కాదు, ఈయప్ప. పొమ్మనడానికి నువ్వెవురు? అనిపించుకుంది నేను.”

లోకనాథ్ సర్దిచెప్పబోయాడు. ఆన్‌లైన్‌లో అందరూ అట్లే మాట్లాడతారు, దీన్ని ఇంత పెద్దది చేసుకోవద్దన్నాడు. ఖదీజా ఫోన్ తీసి బల్ల మధ్య పెట్టింది. మెసేజ్‌లు ఒక్కటీ చెరపలేదామె. నవీన్ లేవబోతే, “కూచోప్పా. నువ్వు మాట్లాడినవే గదా,” అంది.

మొదటిది మోగింది. బురుబురుమనే దొంగ గొంతు. రెండోది. మూడోదానిలో ఆమె చచ్చిపోయిన తండ్రి గురించి ఉంది. నాలుగోదానికి లోకనాథ్ తల వంచుకుని, ఆపమ్మా అని బతిమాలాడు.

“నేను ఆపమంటే ఆగిందా?” అంది ఖదీజా.

ఉన్న పదకొండూ వినిపించింది. మూడేళ్ళుగా చర్చిలో నిర్మల ముందు వరసలో గిటారు వాయిస్తున్న వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. నవీన్ ఏడ్చాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. ఖదీజాను క్షమించమని మాత్రం అడగలేదు. నిర్మల దాన్ని గమనించింది. అతను వెళ్ళాక ఖదీజా గోడకు ఆనుకుని, చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది.

మర్నాడు సాయంత్రం సరోజమ్మ వచ్చింది. నవీనే ఆమెకు చెప్పుకున్నాడట. కేసు పెడితే పిల్లవాడి ఉద్యోగం పోతుందని, ఎంతైనా మన సంఘం బిడ్డ అని, ఆ అమ్మాయిని నువ్వే ఎట్లాగో ఒప్పించమని అడిగింది. చిన్నప్పుడు ఆమె ముందు నిలబడినట్టే నిర్మల చేతులు కట్టుకుని విన్నది. తర్వాత అడిగింది.

“నేను పంపమంటే ఖదీజా నా ఫోన్‌కు పంపుతాది. ఒక్కటి వింటావా అత్తా? విని, అప్పుడు ఒప్పించమను.”

సరోజమ్మ వినలేనంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నిర్మలకు నవీన్ మీద కన్నా ఆ ‘వినలేను’ మీద ఎక్కువ కోపం వచ్చింది.

కేసు పెట్టాలా వద్దా అని నిర్మల ఈసారి తానుగా ఏమీ అనలేదు. ఖదీజా మూడు రోజులు ఆలోచించి రమ్మంటే జమ్మలమడుగు వెళ్ళింది. స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చారు. పోలీసులు నవీన్‌ను పిలిచి ఫోన్ తీసుకున్నారు. ఆ వారం నుంచి చర్చిలో సగం మంది నిర్మలతో మాట్లాడటం మానేశారు. సరోజమ్మ బంధువొకామె, మన పిల్లోణ్ణి సాయిబులకు పట్టించిందని నిర్మల వినేటట్టే అంది. నిర్మల లేచి వెళ్ళిపోలేదు. పాట పాడేటప్పుడు అందరికన్నా గట్టిగా పాడింది.

నెలన్నర తర్వాత లోకనాథ్ ఒంటరిగా ఖదీజా ఇంటికి వెళ్ళాడు. గడప బయటే నిలబడి, ఆ రోజు తాను అన్న మాట తప్పని చెప్పాడు. చెప్పి, లోపలికి రమ్మనకముందే తిరిగి బయలుదేరాడట. ఖదీజా ఈ సంగతి ఫోన్‌లో చెప్తూ, ఆదివారం ఆట ఇకమీదట తన ఇంట్లోనే పెట్టుకుందామంది. కాపరిని కూడా పిలవమంది. ఎవరైనా తిట్టడం మొదలుపెడితే ఈసారి ముందు తన నోరే తెరుచుకుంటుందని కూడా అతనికి చెప్పమంది.

ఇంకా కోపం ఉందా అని నిర్మల అడిగింది.

“శానా ఉండాది,” అంది ఖదీజా. “అది పోవాలని నేనేం తొందరపడటం లే. పదకొండు గంటల బస్సుకు రా, నీకూ కలిపి అన్నం వండుతా.”