బ్రేకు మీద ఎవరి కాలు?

మందుల షాపు నడిపేవాణ్ణి కట్టుకున్న ఇల్లాలి కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. రోగి నోరు తెరిచేలోపే రోగం పేరు చెప్పేయడం ఆయనకు ముప్పై ఏళ్ళుగా అలవాటు. ఇంట్లో మిక్సీ ఆగిపోయినా, కుళాయి కారినా ముందు తీర్పు చెబుతాడు, తర్వాత వెళ్ళి చూస్తాడు. ఈ ఒక్క గుణం మినహాయిస్తే బంగారం లాంటి మనిషి. ముఖ్యంగా నిద్రపోయేటప్పుడు.

కారు విషయంలోనూ అలాగే తేల్చేశాడు. "బ్రేకులు పట్టేయడానికి కారణం నీ కాలు. ఎప్పుడు చూసినా పెడల్ మీదే పడుకుని ఉంటోంది."

ఆ కారు వాళ్ళ పెళ్ళికంటే పాతది. పడవంత పొడుగు, ముందు సోఫా లాంటి సీటు, ఆ కాలంలోనే పవర్ బ్రేకులు. మెల్లగా తొక్కితే చాలు, ఆగేది. నెల రోజులుగా ఆగడమైతే ఆగుతోంది, మళ్ళీ కదలనంటోంది. పది నిమిషాలు తిరిగితే చాలు, చక్రాలు బిగుసుకుని మాడు వాసన కొడుతుంది. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు దొర్లుతుంది.

తీర్పుతోపాటు శిక్ష కూడా పడింది. తాళం ఆయన చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది. వారానికి మూడు రోజులు అత్తగారిని మోకాలి వ్యాయామానికి దింపి, ఆ గంటా లైబ్రరీలో తన మానాన తాను కూర్చునేది ఆవిడ. ఇప్పుడు ఆ గంట పోయింది. ఆవిడకు తాళం కావాలి, దానితోపాటు "పొరబడ్డాను" అన్న ఒక్క మాట కావాలి. తాళమైతే ఎప్పటికైనా వస్తుంది. ఆ మాట మాత్రం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ విని ఎరగరు.

ఆవిడ వాదించలేదు. వాదిస్తే మోతాదు పెంచుతాడు. నెల కిందట ఒక ఆదివారం, పెడల్ మరీ లోతుకు దిగుతోందంటూ ఆయన బానెట్ కింద దూరి, రెండు గంటల తర్వాత మోచేతుల దాకా నల్లబడి బయటికొచ్చిన సంగతి ఆవిడకు గుర్తుంది. ఆయనకే లేదు. మెకానిక్‌కు ఫోన్ చేసి అదంతా చెప్పింది. అవతల కాసేపు నవ్వు వినబడింది.

"బండిని వేడి మీద తీసుకురండమ్మా. చల్లారితే దొంగ దొరకడు," అన్నాడతను.

ఆదివారం పొద్దున ఆవిడ ఎక్కడలేని వినయంతో అడిగింది. "ఏవండీ, కాలు ఎక్కడ పెట్టుకోవాలో మీరే నడిపి చూపించకూడదూ? చూసి నేర్చుకుంటాను."

ఆయన మొహం వెలిగిపోయింది. "నేనూ వస్తాను, ఇంట్లో ఏం తోచడం లేదు," అంటూ అత్తగారు వెనక సీట్లో సర్దుకుంది.

దారి మాత్రం ఆయన పక్కన కూర్చున్న ఆవిడ చెప్పింది. స్పీడ్ బ్రేకర్లు ఎటు ఎక్కువుంటే అటు తిప్పించింది. కూరగాయల సందు, బడి వీధి, బస్టాండు వెనక రోడ్డు. అడుగడుగునా బ్రేకే. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన కాలు జానెడు ఎత్తు లేపి చూపించాడు.

"చూశావా? గాల్లో ఉంది."

"అబ్బ, ఎంత చక్కగా లేపారో!"

పదకొండో స్పీడ్ బ్రేకర్ దాటాక కారు మూలిగింది. ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను అరిచిందే గానీ కారు కదల్లేదు. మాడు వాసన గుప్పుమంది.

"ఇక్కడ రోడ్డు ఎత్తుగా ఉందిలే," అన్నాడు.

"ఒరేయ్, ఆ సైకిలాయన తొక్కకుండానే కిందికి పోతున్నాడు కదరా," అంది అత్తగారు.

"కాలు చూసుకున్నారా?" అంది ఆవిడ మెల్లగా.

చూసుకున్నాడు. గాల్లోనే ఉంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. పక్కనే మెకానిక్ షెడ్డు. మెకానిక్ గుమ్మంలో స్టూలు వేసుకుని, స్పానర్ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం కూడా తెరిచావేంటి?"

"మీ అదృష్టం సార్."

మెకానిక్ ఇంజను ఆపించి, హ్యాండ్ బ్రేకు వేయించి, బానెట్ ఎత్తాడు. తొక్కుడు బలాన్ని పెంచే గుండ్రటి బూస్టర్ డబ్బా, దాని ముందు బ్రేకు నూనెను చక్రాలకు తోసే సిలిండర్. రెంటినీ కలిపే నట్లు కాస్త వదులు చేశాడు. సిలిండర్ వెంట్రుకవాసి ముందుకు జరిగింది. హ్యాండ్ బ్రేకు దింపగానే, అంతసేపూ మొరాయించిన కారు ఒంటిచేత్తో తోస్తే షెడ్డులోకి దొర్లింది.

"చక్రాల్లో తప్పేం లేదు సార్. ఈ రెంటి మధ్య ఒక కడ్డీ ఉంటుంది. అది పొడుగైతే, మీరు కాలు తీసినా అది నొక్కుతూనే ఉంటుంది. నూనె వెనక్కి రాదు. వేడెక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది."

"కడ్డీ దానంతటదే పొడుగవుతుందా?" ఆవిడ అమాయకంగా అడిగింది.

"ఎలా అవుతుంది! ఎవడో దాని మర తిప్పి ఉంటాడు," ఆయన అందుకున్నాడు. రోగం దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. "కొలతా లేదు, పాడూ లేదు, చెయ్యి పెట్టేయడమే! ఇలాంటివాళ్ళకు స్పానర్ అందనివ్వకూడదు."

"స్పానర్ కాదు సార్, కటింగ్ ప్లయర్." మెకానిక్ సిలిండర్ పక్కకు జరిపి కడ్డీ చూపించాడు. మర అంచులు ఎవరో కొరికినట్టున్నాయి. "గాట్లు కొత్తవే. ఇంకా మెరుస్తున్నాయి."

"కటింగ్ ప్లయర్‌తోనా! ఆ మనిషిని ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో!"

"అలవాటైపోయి ఉంటుందండీ, పాపం," అంది ఆవిడ.

ఆయన ఇంకేదో అనబోయి కడ్డీ వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఏరా, ఆపేశావేం? బాగా తిడుతున్నావుగా," అంది అత్తగారు.

మెకానిక్ కడ్డీని సరైన కొలతకు తిప్పి, అన్నీ మళ్ళీ బిగించాడు. ఆయన తాళం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇంద. ఇంటికి నువ్వే నడుపు."

ఆవిడ చెయ్యి చాచలేదు. "మరి నా కాలి సంగతి? నేర్చుకుందామనే కదా వచ్చాను."

"కాలు... పరవాలేదు," నీళ్ళు నమిలాడాయన.

"పరవాలేదంటే?"

మెకానిక్ చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. వెనక సీట్లోంచి అత్తగారు కారు అద్దం పూర్తిగా దించింది. ఆయన ముగ్గురి మొహాలూ చూశాడు. ఎటూ దారి లేదు.

"నీ కాలు బ్రేకు మీద ఎప్పుడూ లేదు. ఆ కడ్డీ తిప్పింది నేను. చూడకుండా నీ మీదకు తోసిందీ నేనే. తప్పు నాది."