గోడ సాక్ష్యం

పంపులో నీళ్ళు ఆరింటికి వస్తాయి. ఆరుకి ఐదు నిమిషాలుందనగా పడమటి గోడ, "నీళ్ళొచ్చే వేళైంది, లేవండి" అంటుంది. ఇస్త్రీ ఆయన లేచి బిందె పట్టుకుని కిందికి దిగుతాడు. ఏడున్నరకి బల్ల మీద దుప్పటి పరిచి మొదటి చొక్కా అందుకోగానే అదే గోడ, "కాలరు ముందు, చేతులు తరవాత. ఎన్నిసార్లు చెప్పాలి?" అంటుంది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు రుద్దుతున్న మనిషికి ఆ పాఠం అక్కర్లేదు. అయినా కాలరు దగ్గర చెయ్యి ఆపి, ఆ మాట అయిపోయేదాకా వింటాడు. ఆయన భార్య పోయి నాలుగు నెలలైంది.

ఒక గదిలో ఏడాది నిండా కాపురముంటే మనిషి గొంతు గోడలోకి ఇంకుతుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు సున్నం కొట్టించారా అని ముందే అడిగేది అందుకే. అలా గోడలోకి ఇంకేవి రోజూ అన్న మాటలే. ఎప్పుడో ఓసారి ముద్దుగా అన్నవి నిలవవు, కాబట్టి గోడల్లో ఉండేవి చాలావరకు సాధింపులే. ఇస్త్రీ ఆయన గొంతు మాత్రం ఏ గోడలోనూ లేదు. నోట్లో నాలుక లేని మనిషి. భార్య వంద మాటలంటే ఒక "ఊఁ" అనేవాడు. ఊఁలు గోడకి ఆనవు.

కూతురికి కాలేజీలో సీటొచ్చింది. ఫీజు చూసి ఇద్దరూ డబ్బాలో డబ్బు లెక్కపెట్టుకున్నారు, సగానికీ చాలలేదు. మర్నాడు కాలేజీలో ఓ గుమాస్తావిడ ముందు కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఓపిగ్గా చెప్పింది.

"ఇది అప్పు కాదమ్మా, తిరిగి కట్టక్కర్లేదు. మార్కుల్ని బట్టి ఇచ్చేదీ కాదు. చదువుకయ్యే ఖర్చులో మీ ఇల్లు ఎంత పెట్టగలదో చూస్తారు. మిగిలిన లోటుకి రాష్ట్రం సాయం చేస్తుంది. కాకపోతే ఇక్కడి పిల్లలకే. మీవాళ్ళు ఈ రాష్ట్రంలో ఏడాదికి తక్కువ కాకుండా ఉన్నట్టు రుజువు కావాలి. అద్దె రసీదులున్నాయా?"

"లేవండి. పన్ను పడుతుందని ఇల్లుగలావిడ రాసివ్వదు," అంది పిల్ల.

"అయితే గోడ సాక్ష్యం పెట్టండి, తనిఖీ ఆయన వస్తాడు. నీ గొంతు పనికిరాదు, చదువుకునే పిల్లవి. అమ్మదో నాన్నదో ఉండాలి."

"అమ్మది ఉందండీ. వచ్చిన రోజు నించీ పదమూడు నెలలు ఆ గదిలోనే ఉంది."

గుమాస్తావిడ కలం ఆపింది. "అమ్మ లేదా ఇప్పుడు?" అని, ఇస్త్రీ ఆయన వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఒక సంగతండీ. తనిఖీ కాగితంలోకి ఎక్కిన గొంతు ఇక గోడలో ఉండదు. ఆలోచించుకోండి."

పిల్ల తండ్రి మొహం చూసింది. ఆయన "ఊఁ" అన్నాడు.

తనిఖీ రోజున పిల్లని మడతపెట్టిన బట్టలిచ్చి రమ్మని రెండు వీధుల అవతలికి పంపించాడు. తడి బట్ట అడ్డముంటే గొంతు బయటికి రాదు. నాలుగు బకెట్ల నీళ్ళలో దుప్పట్లు ముంచి, పడమటి గోడ పొడుగునా తాడు కట్టి, పైనించి కిందిదాకా ఆరేశాడు. తనిఖీ ఆయన సన్నటి మనిషి, భుజాన తోలుసంచి. మిగతా మూడు గోడలకీ కాగితం ఒత్తి చూశాడు. పెద్దవాళ్ళ గొంతేదీ ఎక్కలేదు.

"ఆ గోడ?"

"ఖాళీనండి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

తనిఖీ ఆయన దుప్పట్ల కిందికి కారుతున్న నీళ్ళని కాసేపు చూశాడు. 'గొంతు లేదు' అని రాశాడు. "అభ్యంతరముంటే శుక్రవారం సాయంత్రం లోపు ఆఫీసుకి రండి," అని చీటీ ఇచ్చి వెళ్ళిపోయాడు.

పిల్ల వచ్చి చీటీ చదివింది. దుప్పట్లు చూసింది. ఆమె అరిస్తే బాగుండునని ఆయన అనుకున్నాడు.

"పోనీలే నాన్నా. నాకూ వినాలనే ఉంటుంది," అని, అటక మీంచి రెండో ఇస్త్రీపెట్టె దించి వైరుకి పట్టిన బూజు తుడిచి, తండ్రి బల్ల పక్కనే తనకో బల్ల వేసుకుంది.

గురువారం మూటలో ఒక తెల్లకోటు వచ్చింది, ఆ కాలేజీదే, జేబు మీద ముద్ర ఉంది. పిల్ల దాన్ని తన బల్ల మీద చక్కగా రుద్దింది. రుద్దాక ఒంటికి ఆనించుకుని, పొడుగు సరిపోతుందా అని కిందికి చూసుకుంది. తండ్రి చూడలేదనుకుని మడతపెట్టి మూటలో పెట్టేసింది. ఇస్త్రీ ఆయన చూశాడు. చచ్చినామె మాట కోసం బతికున్న పిల్ల నోరు కొట్టానని అనుకున్నాడు. చేతి కింద చొక్కా మాడిన వాసన వచ్చేదాకా పెట్టె తియ్యలేదు.

శుక్రవారం ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద ఉన్నాడు.

"అబద్ధం చెప్పానండి. మా ఆవిడ గోడలో ఉంది."

"దుప్పట్లు చూసినప్పుడే అనుకున్నా," అన్నాడు తనిఖీ ఆయన సంచి తగిలించుకుంటూ. "ఏటా పదిమందైనా చేస్తారు. తిరిగొచ్చేవాళ్ళు తక్కువ."

గదికొచ్చి, కాగితం పడమటి గోడకి ఆనించి రెండు అరచేతులతో ఒత్తాడు. గోడ మాట్లాడింది. నీళ్ళు, కాలరు, చిల్లర తెచ్చారా, పిల్ల తిందా, కిటికీ వెయ్యండి, అన్నీ ఒకదాని వెనక ఒకటి, తడబడకుండా. మధ్యమధ్య ఆయన ఊఁ అనేటంత ఖాళీ కూడా ఉంది. పిల్ల తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఇస్త్రీ ఆయన ప్రతి ఖాళీలోనూ "ఊఁ" అన్నాడు, ఒక్కటీ వదలకుండా. చివరికి గోడ ఊరుకుంది. కాగితం ఊడివచ్చినచోట చెయ్యి పెడితే చల్లగా ఉంది.

తనిఖీ ఆయన ముద్ర వేసి మడిచాడు. "సాయం వస్తుంది. కానీ ఏటా మళ్ళీ పెట్టుకోవాలి, పాత సాక్ష్యం చెల్లదు. వచ్చే ఏడు ఈపాటికి ఇంకో గొంతు సిద్ధంగా ఉండాలి."

"ఎవరిదండీ?" అంది పిల్ల.

"ఉన్నది ఆయనేగా."

కాలేజీ తెరిచిన రోజు గోడ లేపలేదు. ఇస్త్రీ ఆయనకి మెలకువ వచ్చేసరికి పంపు ఆగిపోయింది. పక్కింటివాళ్ళనడిగి ఒక చెంబు నీళ్ళు తెచ్చాడు. పిల్ల ఆ నీళ్ళతోనే మొహం కడుక్కుని, పుస్తకాలు పట్టుకుని, "వెళ్ళొస్తా నాన్నా" అంది. ఆయన గుమ్మందాకా వచ్చి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

లోపలికొచ్చి పడమటి గోడకి ఎదురుగా నిలుచున్నాడు. మాట్లాడమంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కి టిక్కుమంది. గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళలో తనంతట తాను మొదలుపెట్టిన మాట ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు, దొరకలేదు.

"పిల్ల కాలేజీకెళ్ళిందే," అన్నాడు.

ఇకనించి ఏడాది పొడుగునా, రోజూ ఇదే మాట అనాలి. ఇవాళ్టిది సరిగ్గా ఇంకిందో లేదోనని, దగ్గరికి జరిగి, ఇంకోసారి కాస్త గట్టిగా అన్నాడు.