ఫోటో ఎక్కేలోపే ఆరిపోయింది

ఏం కెలికావమ్మా మళ్ళీ, అంటడు సార్, అమ్మా అని ఎంత మెత్తగ అంటడో, ఆ మెత్తదనానికే ఒళ్ళు మండుతది, సరళ ఏం కెలికింది, బాలి అవ్వ మనవరాలి గురుకులం దరఖాస్తులో పేరు కొట్టింది, ఊరు కొట్టింది, ఫోటో ఎక్కిస్తుంటే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది, పొద్దుగాల్నుంచి ఇది ఐదోసారి, ఐదింటికి గడువు అయిపోతది, ఇప్పుడే నాలుగు దాటింది, కల్లూరులో ఈ ఆన్‌లైన్ సెంటర్ పెట్టిన ఉదయ్ భాస్కర్ సార్ ఒక్క ఫారం నింపిన పాపాన పోలే, కుర్చీలో కూసొని ఫోన్ చూసుకుంట నువ్వు చేరకముందు బానే ఉండేది సరళా అంటడు, తండా నుంచి వచ్చావు కదా, అలవాటు లేదు, కీలు మెల్లగా కొట్టాలి అంటడు, ఖమ్మంలో మూడేండ్లు కంప్యూటర్ డిగ్రీ చదివింది ఎవరు, ఆయనా తానా, అయినా చేరిన మూడు వారాల నుంచి నిద్రపోయే పసిపిల్లను ముట్టినట్టు ఆ కీబోర్డును ముడుతున్నది, సిగ్గు లేకుంట, ఏమైంది బిడ్డా అని బాలి అవ్వ, సీటు రాదా, మా పిల్ల ఈ ఏడు గూడ పత్తి ఏరుడేనా, వస్తది అవ్వా, ఎట్ల వస్తది, ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది, పైన ఫ్యాను తిరుగుతనే ఉన్నది కాబట్టి కరెంటు పోలే, ఖమ్మం మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి మేడం అన్నడు, ఆపేదేంది, అదే ఆగుతుంటే.

పొద్దుగాల అరగంట నడిచింది, పన్నెండింటప్పుడు పావుగంటే నడిచింది, ఇప్పుడు ఐదు నిమిషాలే, నడిచిన కొద్దీ తొందరగ ఆగుతున్నది, అంటే వేడి, బల్ల కింద కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెడితే పెనం లెక్క చురుక్కుమన్నది, సార్, డబ్బా ఇప్పుత, ముట్టుకోకు, రేపు మెకానిక్ వస్తాడు, రేపా, రేపు ఎవరికి కావాలె, ప్లగ్గు పీకింది, సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసింది, ఏయ్ సరళా, మీరు కూసోండి సార్, ఆ గొంతు తనదేనా, మూత ఊడొచ్చింది, లోపల ఫ్యాను కనపడలే, బూడిద రంగు దూది, దుప్పటి కప్పినట్టు, వెనక కిటికీ అవతల పత్తి మిల్లు, సీజన్ మొదలైందీ మూడు వారాల కిందనే, డబ్బాను ఆ కిటికీ కింద పెట్టించింది ఎవరు, జిగురు రాసే బ్రష్షుతో ఊడ్చింది, ముద్దలు ముద్దలుగ రాలింది, అట్టతో విసిరింది, చల్లారాలె, జల్దీ చల్లారాలె, నాలుగున్నర, ప్లగ్గు పెట్టింది, ఫ్యాను గిర్రున తిరిగింది.

మూత బిగించకుండనే మళ్ళీ పేరు, మళ్ళీ ఊరు, ఫోటో ఎక్కింది, నాలుగు యాభైకి రసీదు చేతికొచ్చింది, తడిస్తే ఎట్ల బిడ్డా అని బాలి అవ్వ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని ఆటోకు ఉరికింది, సార్ లేచి వచ్చి డబ్బాలోకి తొంగి చూసి దుమ్మే అయ్యుంటుందని నేను అనుకున్నాలే అన్నడు, అనుకున్నడంట, సరళ నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడ్నే ఆగింది, ఆయన మీద గాదు ఈ మంట, ఆయన ఇట్లనే అంటడు, రేపూ అంటడు, మూడు వారాలు రోజూ ఇంటికి పోయి, అన్నం ముందర కూసొని, నిజంగ నేనే ఏదో పాడు చేస్తున్ననేమో అని తన చేతులను తానే అనుమానించింది, ఆయన ఒక్కసారి అన్నదాన్ని లోపల తాను వందసార్లు అనుకున్నది, ఇగ అనుకోదు.