పాటు వచ్చేదాకా

మాణిక్యం అక్క చీర కుచ్చెళ్లు పైకెత్తి కాళ్లు చూపించింది. మోకాళ్ల దాకా పుండ్లు. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు ఆ కాళ్లకేసి చూడనే లేదు, చేతిలో సీసాని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"నీళ్లు బాగానే ఉన్నాయమ్మా. మొన్నటి రిపోర్టూ బాగానే వచ్చింది."

బాపట్లలో చదువుకునే తమ్ముళ్లూ, తెనాలి మిల్లుల్లో బస్తాలు మోసే అన్నలూ, ఆ మాటకు మా పల్లె ఎంత ఉడికిపోయిందో మీకు చెప్పాలి.

మాది సూర్యలంక దాటాక వచ్చే పల్లె. కాలవ గట్టున మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. రెండేళ్లుగా దానికి తాళం. లోపల తుమ్మలు మొలిచాయి. కాగితం మీద మాత్రం రోజూ నడుస్తోంది! రిసార్టుల కక్కసు నీళ్లు తిన్నగా కాలవలోకే వదులుతున్నారు. ఆ కాలవలోనే మా ఆడవాళ్లు నడుంలోతు దిగి, చేతులతో తడిమి పీతలు పడతారు. ఇప్పుడు పీతలు చచ్చి తేలుతున్నాయి.

రిపోర్టు బాగా రావడానికి కారణం మేమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదటిసారి ఇంజనీరు వచ్చినప్పుడు, "సార్ బూట్లు బురదవుతాయిరా, పడవెక్కించండి" అన్నాడు మా కులపెద్ద మస్తానయ్య తాత. మా కాలవలో పడవ తేలాలంటే పోటు రావాలి, సముద్రం లోపలికి పొంగాలి. ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టి, పోటు వచ్చాక తిప్పాం. ఆయన ముంచుకున్నది సముద్రపు నీళ్లు. ప్లాంటు కాంట్రాక్టరు ఆ కిటుకు పట్టేశాడు. అప్పట్నుంచి ఇంజనీరు జీపు పోటు వేళకే వస్తోంది.

ఆ సాయంత్రం వలల పాకలో అందరం కూడాం. కాలవకి ఎగువనున్న పైఊళ్లో వ్యవసాయ కూలీ దేవదానం అన్న కూడా తన వాళ్లతో వచ్చి, రావడంతోనే మా మీద పడ్డాడు.

"పోటు వస్తే మీ మురుగంతా మా నాట్లలోకి ఎగదంతోంది. మా ఆడోళ్ల కాళ్లు చూశారా?"

"మా మురుగేంటి? పాటుకి, నీళ్లు తీసినప్పుడు, అదే మా మీదకొస్తంది!" అని మాణిక్యం అక్క మళ్లీ కాళ్లు చూపించింది.

దేవదానం అన్న వెంట వచ్చిన ఆడవాళ్లూ చీరలు పైకెత్తి చూపించారు. పోటుకి వాళ్లు, పాటుకి మేము. కాళ్లు మాత్రం ఒకేలా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒకరినొకరు తిట్టుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

"మళ్లీ అర్జీ పెడదామా?" అన్నాడు తాత.

"అర్జీ వద్దు తాతా. ఈసారి ఆయన్ని పాటు వచ్చేదాకా కూర్చోబెడదాం," అంది అక్క.

వారానికి, పొద్దున తొమ్మిదింటికి, నిండు పోటు మీద జీపు వచ్చింది. దాని ముందు మేం కూర్చున్నాం, వెనక దేవదానం అన్న వాళ్లు.

"ఎంతసేపమ్మా ఇది?" అన్నాడు ఇంజనీరు.

తాత నీళ్లకేసి చూశాడు. "ఆరు గంటలండి. అన్నం పెడతామండి."

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. తోశారు, లాగారు. మేం లేవలేదు. మూడింటికి నీళ్లు తీశాయి. నల్లటి బురద బయటపడింది. ఆ కంపుకి పోలీసులే ముక్కులకు రుమాళ్లు కట్టుకున్నారు.

ఇంజనీరు మాత్రం నీళ్లు పట్టడానికి కదల్లేదు. ఆయన చేతిలో సీసా లాక్కుని మాణిక్యం అక్క కాలవలోకి దిగింది. నింపుకుని పైకి రాగానే, "ఆఫీసర్ని నిర్బంధించావు, పద," అని ఎస్సై ఆమె రెక్క పట్టుకున్నాడు. అక్క సీసా నా చేతికిచ్చింది. నేను దేవదానం అన్నకిచ్చాను. అది చేతులు మారుతూ గుంపులో కలిసిపోయింది.

మర్నాడు పాటు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. సాయంత్రానికి బాపట్ల స్టేషను ముందు మూడు వందల మందిమి, ఒక్కొక్కరి చేతిలో పాటుకి నింపిన నల్లటి కాలవ నీళ్ల సీసా.

"ఏంటిది? ఏం కావాలి మీకు?" ఎస్సై అరిచాడు.

"మాణిక్యాన్ని వదలండి. ప్లాంటు తాళం తీయండి," అన్నాడు తాత.

"తీయకపోతే?"

అందరం సీసాల మూతలు తీశాం.