పదకొండో గుడ్డు

పొద్దున ఆరుకల్లా ఆనందమ్మ కాలేజీ మైదానం అంచున ఉన్న తన రేకుల షెడ్డు ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, గంప ఎత్తుతుంది. ముందు నల్లకోడి బయటికొస్తుంది. దాని వెనక పిల్లలు, పిల్లల వెనక బంతులు. "బా... బా... బా..." అంటూ ఆమె గుప్పెడు కొర్రలు చల్లితే కోడిపిల్లలు ముక్కులతో ఏరుకుంటాయి. బంతులకు ముక్కుల్లేవు గనుక గింజల మీద దొర్లుతాయి. దొర్లిన చోట గింజలుండవు. ఎలా తింటాయని జమ్మలమడుగులో ఇంతవరకు ఎవరూ అడగలేదు. బాగా తింటున్నాయా లేదా అనే అడుగుతారు.

అవి రెండు కొసలా మొన తేలిన బంతులు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. పేరుకే ఫుట్‌బాల్ గానీ, ఆటంతా బంతిని చంకలో ఇరికించుకుని గీత దాటేదాకా పరిగెత్తడమే. అడ్డం వచ్చినవాళ్ళు మీద పడి నొక్కేస్తారు. ఈ ఆట జమ్మలమడుగుకు ఎలా వచ్చిందంటే, దానికి కారణం ఎండ.

రెండువేల పదిహేను ఏప్రిల్‌లో ఒక అమెరికా ముసలాయన గండికోట చూడటానికొచ్చి, వడదెబ్బకు కాలేజీ గేటు ముందు పడిపోయాడు. ఆయన వాళ్ళ ఊరి కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు కోచ్‌గా చేశాడట. మన కాలేజీలో ఆటలు నేర్పే సాలోమోను సారు చెంబెడు మజ్జిగ తాగించి లేపి కూర్చోబెట్టాడు. ముసలాయన పోతూ పోతూ సంచిలోంచి ఒక బంతి, ఒక రూల్సు పుస్తకం తీసి సారు చేతిలో పెట్టి దండం పెట్టాడు. సారు వేసవి సెలవులకు ఊరెళ్తూ, "జాగ్రత్తగా పెట్టు ఆనందమ్మా" అని బంతిని ఆమెకిచ్చాడు.

అదే వారం నల్లకోడి పొదుగుకొచ్చింది. ఆనందమ్మ దగ్గర పది గుడ్లున్నాయి. సరి సంఖ్యలో గుడ్లు పెడితే పిల్లలు దక్కవని పసిపిల్లలకు కూడా తెలుసు. తొమ్మిది పెడదామంటే ఒక గుడ్డు దండగ. చుట్టూ చూసింది. మూలనున్న బంతి కనబడింది. లెక్క బేసి అయితే చాలు కదా అని దాన్నే పదకొండోదిగా గంప కింద పెట్టింది. ఇరవయ్యొకటో రోజున పది పిల్లలు లేచాయి. మర్నాడు బంతి కుట్లు విడిపోయి, నిమ్మకాయంతవి రెండు బుజ్జి బంతులు బయటికొచ్చాయి.

సెలవుల నుంచి వచ్చిన సారు చూసి, "ఒకటిస్తే రెండు చేసినావే!" అని సంతోషపడ్డాడు. మూడు నెలల్లో అవి చేతికందే సైజుకొచ్చాయి. అప్పుడు జట్టు పుట్టింది.

ఆ తర్వాత కోడి పొదుగుకొచ్చినప్పుడల్లా ఒక బంతిని పెడితే రెండయ్యేవి. ఇరుగుపొరుగు పెట్టను ఇచ్చిపుచ్చుకున్నట్టే ప్రొద్దుటూరు కాలేజీ అమ్జద్ సారు ఒక బంతి పట్టుకుపోయాడు. పులివెందుల వాళ్ళు ఇంకొకటి తీసుకెళ్ళారు. మూడు కాలేజీలు, మూడు జట్లు. బైకు హెల్మెట్లే శిరస్త్రాణాలు. గోనెపట్టలో పత్తి కుక్కి కుడితే అవే భుజకవచాలు. ఇంత సరంజామాతో ఈ ఎండల్లో ఆడొచ్చా అని అడిగేవాళ్ళు రాయలసీమకు కొత్తవాళ్ళయి ఉంటారు.

మొదటి మ్యాచిలోనే గొడవైంది. ప్రొద్దుటూరు కుర్రాడు బంతిని ఆకాశంలోకి తన్నాడు. అదే సమయానికి ఆనందమ్మ తన కోళ్ళను "బా... బా..." అని పిలిచింది. బంతి గాల్లోనే మలుపు తిరిగి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర వాలింది. అమ్జద్ సారు కోపం తెచ్చుకోలేదు. రూల్సు పుస్తకం చివరి పేజీలో పెన్నుతో, "ఆట జరుగుతున్నంతసేపు ఆనందమ్మ నోరు తెరవరాదు" అని రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. అప్పట్నుంచి ప్రతి మ్యాచికీ ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

ఇక గెలుపుల సంగతంటారా, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒక ఏడు నలభైకి సున్నా. ఒక ఏడు వాన. కరోనా రెండేళ్ళు ఆటలే లేవు, బంతులు మేసి మేసి గుమ్మడికాయలంత అయ్యాయి. ఆ తర్వాతి ఏడు కిరణ్ అనే బీకాం కుర్రాడు తొలిసారి గీత దాటాడు. దాటింది మన గీతే.

నిరుడు కొత్త ప్రిన్సిపాల్‌గా శాంతకుమారి మేడం వచ్చింది. మనిషి చెడ్డది కాదు, ముక్కుసూటి. సారునూ ఆనందమ్మనూ పిలిచి చెప్పేసింది.

"ఇన్నేళ్ళలో ఒక్క గెలుపు లేదు. కొత్త బిల్డింగుకు స్థలం కావాలి. పులివెందుల మీద గెలిస్తే మైదానం ఉంటుంది. ఓడితే తవ్వేస్తాం. ఆ షెడ్డు కూడా తీసేయాలి."

"బంతులు యాడుండాల మేడం?" అంది ఆనందమ్మ.

"బీరువాలో పెడదాం."

"బీరువాలో ఊపిరాడక సస్తాయి మేడం."

ఆనందమ్మకు పిల్లల్లేరు. వాచ్‌మన్‌గా చేసిన భర్త పోయాక ఆ షెడ్డే ఇల్లు. అది పోతే చాపాడులో తమ్ముడింటికి పోవాలి. మరదలికి కోళ్ళంటే గిట్టదు. ఆమె సామానంతా ఒక ట్రంకు పెట్టెలో సర్ది పెట్టుకుంది. బంతుల్ని మాత్రం ఎందులో సర్దాలో తెలియలేదు.

ఫిబ్రవరిలో మ్యాచి. రిఫరీ అమ్జద్ సారు. నల్లకోడి మన గీత పక్కన గంప కింద పొదుగులో ఉంది. ఆనందమ్మ అవతలి కొసన, పులివెందుల వాళ్ళు కాపాడుకునే గీత వెనక, వేపచెట్టు నీడలో కూర్చుంది. మన పదికి వాళ్ళవి పద్నాలుగు. గీత దాటితే ఆరు. ఉన్నది ఒక్క నిమిషం.

సాలోమోను సారు పరిగెత్తుకొచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్కసారి పిలువు ఆనందమ్మా. దగ్గొచ్చిందనుకుంటారులే."

ఆమె కొంగు తీసింది. "పిలిస్తే నేనీడ్నే ఉండొచ్చు సార్. రేపట్నుంచి ఆ పిల్లోల్ల మొగాలు యాట్ల జూడాల? సంతకం బెట్టినాను గదా." మళ్ళీ కొంగు కుక్కుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. సారు సిగ్గుపడి లేచిపోయాడు.

ఆఖరి ఆట. బంతి కిరణ్ చేతికొచ్చింది. నాలుగడుగులు వేశాడో లేదో పులివెందుల కెప్టెన్ సుహాస్ వచ్చి అతని నడుం వాటేసుకున్నాడు. ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. అయిపోయిందనే అనుకున్నారంతా. సరిగ్గా అప్పుడు మైదానం మీద గద్ద నీడ పడింది.

కిరణ్ చంకలో బంతి వణికింది. గంప కింద నల్లకోడి "కొక్... కొక్..." అని రెక్కలు విప్పి పిలిచింది. పది అడుగుల దూరం. పిల్లగా ఉన్నప్పట్నుంచీ దూరిన రెక్కలే. కానీ బంతి అటు పోలేదు. కిరణ్‌ను ఈడ్చుకుంటూ, కిరణ్‌కు వేలాడుతున్న ఇద్దరినీ ఈడ్చుకుంటూ, మైదానం పొడవునా ఉరికింది. కిరణ్ కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా పోయాయి. అడ్డమొచ్చినవాళ్ళు పక్కకు దూకారు. గీత దాటి, బంతి ఆనందమ్మ ఒళ్ళో పడి, ఆమె కొంగు కిందికి దూరింది. కొంగు ఇంకా ఆమె నోట్లోనే ఉంది.

అమ్జద్ సారు రూల్సు పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేశాడు. "ఆమె నోరు తెరవలా. గద్ద సంగతి ఇందులో యాడా రాయలేదప్పా" అన్నాడు.

సుహాస్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "గద్దొస్తే పిల్ల తల్లి కాడికే పోతాది సార్. అందులో తప్పేముంది? ఆరు ఇచ్చేయండి."

ఇచ్చేశారు. పదహారుకు పద్నాలుగు. సాలోమోను సారు మైదానం మధ్యలో కూర్చుని పెద్దగా ఏడ్చేశాడు.

శాంతకుమారి మేడం నడుచుకుంటూ వేపచెట్టు దగ్గరికొచ్చింది. గంప వైపు చూసింది, ఆనందమ్మ వైపు చూసింది.

"పొదిగింది కోడి కదా. నీ దగ్గరికెందుకొచ్చింది?"

ఆనందమ్మ నోట్లోంచి కొంగు తీసింది. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

"పొదిగింది కోడే మేడం. సాకింది నేను" అంది. అనగానే ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మేడం వంగి, కొంగు కింద దూరిన బంతిని ఒకసారి చూసింది. తర్వాత, "బిల్డింగు ల్యాబు వెనక కట్టుకుందాంలే. ఆ ట్రంకు పెట్టె విప్పేసుకో" అంది.

గీత దాటాక ఇంకో పాయింటు కోసం బంతిని తన్నాల్సి ఉంది. అమ్జద్ సారు ఈల నోట్లో పెట్టుకుని బంతి కోసం చెయ్యి చాచాడు. సుహాస్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"లేపొద్దు సార్, ఇప్పుడే కునుకు పట్టింది" అన్నాడు మెల్లగా. రెండు జట్లవాళ్ళూ హెల్మెట్లు తీసి చప్పుడు చేయకుండా ఆ చెట్టు నీడలోనే కూర్చున్నారు.