గూట్లో పాదం

మేస్త్రీ గోడకు చెవి ఆనించి వేలి కణుపులతో రెండుసార్లు తట్టాడు. గోడ డొల్లగా పలికింది. తల ఊపి నిచ్చెన ఎక్కాడు. ఇళ్లు కట్టే మేస్త్రీలు ఊరినిండా ఉన్నారు. ఇతను కూల్చే మేస్త్రీ. చివర పెట్టిన ఇటుక మొదట దిగాలి, మొదట పెట్టింది చివర దిగాలి. అతనికి వచ్చిన చదువు అదొక్కటే. అది తప్పినవాడి మీద గోడే దిగుతుందని బావమరిదికి రోజూ చెబుతాడు.

ఎండుకట్టె లాంటి మనిషి. కనుబొమల్లో సున్నం పేరుకుని, తండ్రి వయసులోనే తాతలా కనిపిస్తాడు. చూపుడువేలికి గోరు లేదు.

కింద ఇటుకలు అందుకుంటున్న బావమరిది తలెత్తాడు. "ఏం బావా, పొద్దున్నే మా అక్కింట్లో యుద్ధమట?"

"యుద్ధం కాదురా, చరిత్ర."

కూతురు పై తరగతికి వచ్చింది. చరిత్ర తీసుకుంటానని పట్టుబట్టింది. ఈరోజు బడి వదిలేలోపు చెప్పాలి. తండ్రి ఒప్పుకుంటేనే అన్నారు టీచరు. "చచ్చినోళ్ల సంగతులు నీకెందుకే? పాతది కూలగొట్టి నేను తింటున్నా, తవ్విపోసి నువ్వేం తింటావ్?" అని మేస్త్రీ అరిచాడు. పిల్ల కళ్లు తుడుచుకుంది. "కూలగొట్టేముందు అక్కడ ఎవరున్నారో తెలుసుకోవాలని లేదా నాన్నా?" అని, అన్నం డబ్బా ముట్టకుండా వెళ్లిపోయింది. ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

"మన చరిత్ర వీధంతా చెప్పుకుంటూనే ఉందిగా బావా, మళ్లీ చదవడం దేనికి?"

"నోర్మూసుకుని ఇటుక పట్టు."

మధ్యాహ్నం అన్నానికి కిందికి దిగి, గోడ నడుమ ఉన్న గూట్లో నీళ్లసీసా పెట్టాడు. గూటి అడుగున సున్నం పెచ్చు లేచిపోయింది. కింద ఇటుక మీద పాదం! పచ్చి ఇటుకను ఎవరి పిల్లో తొక్కేసిన చిన్న పాదం. అయిదు వేళ్లూ విడివిడిగా ఉన్నాయి. బొటనవేలు లోతుగా దిగింది, పరిగెడుతూ తొక్కినట్టు.

మేస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచాడు. ఎవరి పిల్ల? ఇటుకలు కోసినవాడి కూతురా? తొక్కినందుకు వీపు పగిలిందా? పెరిగి పెద్దదయిందా? ఎవరినడగాలి? ఇన్నాళ్లూ ఎన్నో గోడలు దించాడు, ఒక్క ఇటుకనైనా తిప్పి చూసిన పాపాన పోలేదు.

ఎంగిలి చేయి కడుక్కుని బడికి ఫోను చేశాడు. టీచరు పిల్లకిచ్చారు.

"చరిత్రే తీసుకో తల్లీ. సాయంత్రం నీకొకటి తెస్తా."

"ఏంటి నాన్నా?"

"ఇటుక."

"ఇటుకా!" అవతల కిలకిలా నవ్వు.

పై వరుసలన్నీ దించి గూటిదాకా రావాలంటే రేపటికి గానీ కాదు. "రేపు తీద్దాంలే బావా," అన్నాడు బావమరిది.

"మాటిచ్చాన్రా."

గోడను తట్టి చూడకుండానే మేస్త్రీ గూట్లో తలపెట్టి, ఉలితో ఇటుక చుట్టూ గీరాడు. ఇటుక పాలపన్నులా ఊగి ఊడి వచ్చింది. "పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకో," అంటూ బావమరిది చేతుల్లో పెట్టాడు. బావమరిది దాన్ని తువ్వాలులో చుట్టడానికి నాలుగడుగులు అవతలికి వెళ్లాడు. వెనక గోడ కూలబడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, బస్తా దించినట్టయింది. దుమ్ము అణిగాక చూస్తే నీళ్లసీసా మూత ఒక్కటే దొర్లుతూ వచ్చి అతని కాలి దగ్గర ఆగింది.

"బావా!" అన్నాడు. గోడ పలకలేదు.

సాయంత్రం కూతురు కొత్త చరిత్ర పుస్తకాన్ని గుండెకు హత్తుకుని వీధి మలుపు తిరిగింది. గుమ్మం నిండా జనం. మెట్టు మీద మామయ్య ఒళ్లో తువ్వాలు మూట పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల ముఖంలోకి చూడలేక, మూట విప్పి ముందుకు జరిపాడు.

ఆ ఇటుక ఇప్పుడు కిటికీలో ఉంది. ఎంత తుడిచినా పోని సున్నం, ఆ చిన్న పాదం వేలికొసల్లో తెల్లగా మిగిలింది.