తిట్టాలంటే ముందు తాగాలి

పొరుగింటి కోచిష్ గారి మేక కంచె దూరి వచ్చి మిరప నారు మేయడం ఇది నాలుగోసారి. కలోచా పట్నంలో జరిగే మిరపకాయల పోటీ కోసం వెండెల్, మంచు తగలకుండా తన దుప్పటే కప్పి పెంచుకుంటున్న నారు అది. ఈసారైనా బహుమతి కొట్టకపోతే తలెత్తుకోలేనని ఊరంతా చెప్పుకున్నాడు. రిటైరయిన ఆ బడిపంతులు ఊగిపోతూ కంచె దగ్గరికి వెళ్లాడు.

"కోచిష్ గారూ, తమరు శుద్ధ దద్దమ్మండీ."

"చిత్తం పంతులుగారూ," అని టోపీ తీశాడు కోచిష్. ఆయన రిటైరయిన స్టేషన్ మాస్టరు.

ఛీ, ఇదీ ఒక తిట్టేనా? "అండీ" తగిలిస్తే ఎంత ఘాటు తిట్టయినా పెళ్లి పిలుపులా ఉంటుంది. మా భాషలో కడుపారా తిట్టాలంటే "తె" అనాలి, అంటే నువ్వు. ఆ "తె"కే తోక తగిలించి మా పెద్దలు "తెగెజ్ని" అనే క్రియ చేశారు: నువ్వని పిలవడం. దేవుణ్ణీ కుక్కనీ ఎవరినీ అడక్కుండానే నువ్వనొచ్చు. పొరుగింటి పెద్దమనిషిని మాత్రం, చేతులు మెలేసుకుని ఒక గ్లాసు తాగి, బుగ్గలు ముద్దుపెట్టుకున్నాకే. ఆ మాట ఎత్తాల్సింది వయసులో పెద్దవాడు. వెండెల్ మూడేళ్లు పెద్ద. ఆరేళ్లుగా టెక్కు కొద్దీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం పాలింకా అనే ఆప్రికాట్ సారా సీసా చంకన పెట్టుకుని బయల్దేరాడు. దారిలోనే తిట్లన్నీ వరస పెట్టుకున్నాడు.

"మనం నువ్వు అనుకుందామా?" అన్నాడు పళ్లు నూరుతూ.

కోచిష్ రెండు గ్లాసులు తెచ్చాడు. చేతులు మెలేసుకుని తాగారు. మీసాలు గుచ్చుకుంటున్నా ముద్దులు పెట్టుకున్నారు.

"సెర్వుస్, బెర్తలాన్," అన్నాడు వెండెల్, కోచిష్‌ని తొలిసారి పేరుపెట్టి, నువ్వనుకునేవాళ్ల పలకరింపుతో.

"సెర్వుస్, వెండెల్."

ఇక అందుకున్నాడు వెండెల్.

"ఒరేయ్ బెర్తలాన్, నువ్వసలు మనిషివేనా? నీ బుర్రలో ఉన్నది గడ్డా? ఒక్క మేకని ఆపడం చేతకానివాడివి, నలభయ్యేళ్లు రైళ్లెలా ఆపావురా?"

బెర్తలాన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెండెల్ ఠక్కున ఆగిపోయాడు.

"ఏంరా, గట్టిగా తగిలిందా?"

"అబ్బే. మా ఆవిడ ఎటెల్క పోయి ఈ ఊరొచ్చాక నన్ను నువ్వన్నవాళ్లు లేరు. ఆరేళ్లయింది. అందరికీ స్టేషన్ మాస్టరు గారినే."

వెండెల్ దగ్గర ఇంకా పదకొండు తిట్లు అలాగే మిగిలిపోయాయి. కంచె అవతల మేక మళ్లీ నారు నములుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

"మిగతావి కూడా తిట్టరాదూ?" అంటూ బెర్తలాన్ గ్లాసు జరిపాడు.

వెండెల్ పోశాడు. కాసేపు తన నారు వైపే చూశాడు, పోటీ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

"రేపొచ్చి తిడతాలే," అన్నాడు. "నువ్వు మాత్రం ఆ మేకని కట్టేయకు."